సుంకి ఘాటీ, మా బళ్లు

జయపురంలో ఎవరైనా కారు కొంటున్నారంటే రంగేమిటి, మైలేజీ ఎంత అని తర్వాత అడుగుతారు. ముందు అడిగేది ఒక్కటే: "ఘాటీ ఎక్కుతాదా?"

అడగరా మరి, ఘాటీ అంటే మా కొండదారి. మాది ఒడిశాలో కోరాపుట్ జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే ప్రావిన్సు అయ్యేదాకా ఈ ఊళ్లన్నీ వైజాగపట్నం జిల్లా కిందే ఉండేవి. సరిహద్దు గీశాక మేం ఇటు, మేనత్తలూ మేనమామలూ అటు. పెళ్లి సంబంధాలు సాలూరు, బొబ్బిలి, విజయనగరం. పెద్ద జబ్బు చేస్తే విశాఖ కేజీహెచ్. పెద్ద చదువుకి ఆంధ్రా యూనివర్సిటీ. అక్కడి సైన్సు కాలేజీకి మా జయపురం రాజా విక్రమదేవ వర్మ గారి పేరే ఉంది కాబట్టి పరాయి చోటికి వెళ్లినట్టు ఉండేది కాదు. వీటిలో దేనికి బయల్దేరాలన్నా ముందు కోరాపుట్ ఘాటీ ఎక్కాలి. సునాబెడ, సెమిలిగుడ, పొట్టంగి మీదుగా పోయి సుంకి దగ్గర కొండ దిగాలి. దిగితే పి.కోనవలస, ఆ తర్వాత సాలూరు. వచ్చేటప్పుడు మళ్లీ అదే కొండ ఎక్కాలి. బండి సత్తా తేలేది అక్కడే.

మా ఇంట్లో బండి మారినప్పుడల్లా విశాఖ మాకు ఇంకొంచెం దగ్గరికి జరిగింది. అది దగ్గరైన కొద్దీ దారిలో మేం ఆగే చోట్లు ఒక్కొక్కటీ రాలిపోయాయి. ఇది ఇప్పుడు కూర్చుని రాస్తుంటే తట్టిన మాట. అప్పట్లో ఎంత తొందరగా చేరితే అంత గొప్ప.

మొదటిది అంబాసిడర్. 1979లో నాన్న కొన్నారు. కొలాబ్ డ్యామ్ పనులు జరుగుతున్న రోజులు. తన పని ముగించుకుని ఊరొదిలి పోతున్న ఒక కాంట్రాక్టరు దగ్గర మార్క్ 3 పెట్రోలు బండి, తెల్లది, బేరానికొచ్చింది. నాన్నది అల్లం, చింతపండు, పసుపు కమిషన్ వ్యాపారం. కుందులి సంతలోనూ పొట్టంగిలోనూ సరుకు కొని సాలూరుకీ విజయనగరానికీ లారీకెత్తించేవారు. సరుకు వెనకే తానూ దిగి, డబ్బు వసూలు చేసుకుని, రాత్రికి ఎవరో ఒకరి ఇంట్లో పడుకుని మర్నాడు రావడం ఆయన పద్ధతి. దానికోసమే కారు. కానీ మా ఇంటి ముందు కారు ఆగిందని తెలియగానే, వీధిలో ప్రతి ఇంటికీ ఆంధ్రాలో ఏదో ఒక పని గుర్తొచ్చింది.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లీషు కారు నమూనా తెచ్చుకుని కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు చేసిన బండి అది. ముందు సీటు మొత్తం ఒకే బెంచీ. గేరు కర్ర స్టీరింగుకే ఉండటంతో డ్రైవరు పక్కన ఇద్దరు పెద్దవాళ్లు, వాళ్ల మధ్య ఒక పిల్లవాడు హాయిగా సర్దుకునేవారు. వెనక నలుగురు, వాళ్ల ఒళ్లో మరో ఇద్దరు. హెడ్‌లైటు డిమ్ము చేసే స్విచ్చి ఎడమ పాదం దగ్గర నేల మీద ఉండేది. డిక్కీలో ఎప్పుడూ ఒక అల్లం బస్తా. ఆ వాసన సీట్లలోకి దిగిపోయి మరి వదల్లేదు. పెళ్లికని పట్టుచీర కట్టుకుని దిగినా అమ్మ దగ్గర అల్లం వాసనే వస్తోందని మా పిన్నులు ఏడిపించేవారు. అమ్మ తగ్గేది కాదు. "మీ ఆయన దగ్గర అదైనా రాదు కదే, ఉద్యోగస్తుడు" అనేది.

ఎండ వేళ ఘాటీ ఎక్కకూడదన్నది నాన్న పెట్టిన చట్టం. ఎక్కితే తెల్లారగట్ల, లేకపోతే పొద్దు వాలాక. అంత మనిషి బరువుతో, లో గేర్లలో మెలికలు తిరుగుతూ ఎక్కుతుంటే ఇంజిను వేడి పెట్రోలు పంపుకీ గొట్టాలకీ పాకేది. లోపలి పెట్రోలు ఆవిరైపోతే ఇక పంపుకి లాగడానికి ఏమీ ఉండదు. రెండు కుదుపులు కుదిపి బండి నిలబడిపోయేది. మేస్త్రీలు దాన్ని వేపర్ లాక్ అనేవారు. నిలబడిన క్షణంలో ఒకరు దూకి వెనక చక్రం కింద చెక్క పెట్టాలి. ఇంట్లో పెద్ద కొడుకుని కాబట్టి ఆ ఉద్యోగం నాది. ఆ చెక్క నా కాళ్ల దగ్గరే ఉండేది, దాని మీద ఇంకెవరూ కాలు పెట్టకూడదు.

మా డ్రైవరు సాలూరు మనిషి. సాలూరంటే లారీలకి పేరుపడ్డ ఊరు. అక్కడ లారీల మీద చేయి తిరిగినవాడికి మా అంబాసిడర్ ఒక లెక్క కాదు. తీరిగ్గా దిగి బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, పక్కనే గొంతుక్కూర్చుని బీడీ ముట్టించేవాడు. మేం తొందరపెడితే, "దానికి దాహం యేసింది బాబూ, కూకోండి. మీకెయ్యలేదేటి?" అనేవాడు. రేడియేటరు మూత మాత్రం ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. దాని మీద తడిపిన గోనె వేసి, ఆవిరి పోయేదాకా ఆగి, తనే తిప్పేవాడు.

ఘాటీ సగంలో కొండ రాళ్ల సందుల్లోంచి నీళ్లు కారే చోటు ఒకటుండేది. బండి మొరాయించినా మొరాయించకపోయినా అక్కడ ఆగడం ఆనవాయితీ. ఆ నీళ్లు రేడియేటరుకీ మాకూ కూడా. అమ్మ పులిహోర డబ్బా మూత తీసేది అక్కడే. మాతో పాటు బానెట్లెత్తిన లారీలు, అప్పుడప్పుడూ ఒక బస్సు. రామభద్రపురంలో చింతపండు ధర ఎంత పలికిందో, సుంకి చెక్‌పోస్టు గేటు దగ్గర ఈవేళ ఎవరు డ్యూటీలో ఉన్నారో, పొట్టంగి అవతల ఎక్కడ చెట్టు పడిందో కిందికి దిగే లారీలవాళ్లు పైకెక్కేవాళ్లకి చెప్పేవారు. ఫోన్లు లేని రోజుల్లో ఆ నీటి ఊట దగ్గర తెలియని సంగతి లేదు.

మా అక్క పెళ్లి సంబంధం కుదిరింది కూడా అక్కడే. ఒకనాటి సాయంత్రం మా బండి వెనకే మరో అంబాసిడర్ వచ్చి సరిగ్గా అదే జబ్బుతో ఆగింది. కోరాపుట్‌లో ఉద్యోగం చేసే బొబ్బిలి వాళ్లది. రెండు బళ్లకీ ఒకే తడిగుడ్డ. పులిహోర వాళ్లకీ పెట్టింది అమ్మ. ఆకు చేతిలో పట్టుకుని వాళ్లింటావిడ మా అక్కని ఎగాదిగా చూడటం నాన్న గమనించలేదు గానీ అమ్మ గమనించింది. బళ్లు చల్లబడేసరికి ఇంటిపేర్లు, గోత్రాలు, మధ్యవర్తిగా ఎవరు రావాలన్నదాకా తేలిపోయింది. మా బావని ఇప్పటికీ వేపర్ లాక్ అల్లుడనే అంటాం. ఆయన నవ్వుతాడు, అక్క నవ్వదు.

దిగడం ఎక్కడంకన్నా కష్టమని కొత్తవాళ్లకి తెలీదు. ఏ గేరులో కొండ ఎక్కుతామో అదే గేరులో దిగాలి. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే సగం దూరంలోనే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఎదురుగా ఎక్కే బండి వస్తే దిగేవాడే పక్కకి తప్పుకుని దారివ్వాలి. ఇది చట్టంలోనూ ఉంది, కానీ మా డ్రైవరు చట్టం చదివి నేర్చుకోలేదు. "ఎక్కేవోడు ఆగిపోతే మళ్లీ ఎత్తుకోలేడు బాబూ" అనేవాడు. ఇప్పటి కుర్రాళ్లు ఘాటీలో న్యూట్రల్లో దింపుతుంటే చూసి నా కాళ్లు వణుకుతాయి.

సునాబెడలో మిగ్ విమానాల ఇంజిన్లు చేసే హెచ్ఏఎల్ ఫ్యాక్టరీ ఉంది కదా, అందులో మాకు మావయ్య వరసాయన పనిచేసేవారు. ఒకసారి ఆయన ఇంటి ముందే మా బండి మొండికేస్తే, చేతులు కడుక్కుని వచ్చి కార్బురేటరు విప్పారు. చాలాసేపు చూసి, తిరిగి బిగించి, "మిగ్ అయితే చెప్పగలను గానీ దీని మనసు నాకు తెలీదురా, మీ సాలూరు వాణ్నే పిలు" అని లోపలికి వెళ్లిపోయారు. ఆ వంకతో ఆ పూట భోజనం అక్కడే.

సాలూరులో షెడ్డు దగ్గర ఒక ఆగుడు, రామభద్రపురంలో పెద్దమ్మ ఇంట్లో రాత్రి. విజయనగరం ఇంకెంత దూరం లేకపోయినా సరే, ఆ ఇంటి అరుగు దాటి పోవడమనేది లేదు. మేం ఎప్పుడొస్తామో ముందు తెలిసే మార్గం లేదు కాబట్టి పెద్దమ్మ రోజూ రెండు గుప్పెళ్ల బియ్యం ఎక్కువే పోసేదట. రాత్రి పెరట్లో మంచాలు వేసి పడుకోబెట్టేది. అక్కడ దోమలు తినేసేవి. అయినా మా చెల్లెళ్లు విశాఖ సముద్రం కన్నా ఆ పెరడు గురించే ఎక్కువ చెబుతారు.

నన్ను యూనివర్సిటీలో చేర్చడానికీ అదే బండి. నా ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, మా హాస్టలు గదిలో ఉండబోయే ఇంకో కుర్రాడి సామాను, వాళ్ల నాన్న. దారిలో రెండు రాత్రులు.

తర్వాతది జీపు. వ్యాపారం పెరిగి నారాయణపట్న, బంధుగావ్ వైపు సంతలకీ తిరగాల్సి వచ్చింది. ఆ దారుల్లో అంబాసిడర్ కడుపు రాళ్లకి తగిలేది. పాత మహీంద్రా జీపు, డీజిల్, కాన్వాసు టాపు, పక్కలకి జిప్పు తెరలు. వాన వస్తే ఆ తెరలు దింపి కట్టేలోపు సగం తడిసిపోయేవాళ్లం, కట్టాక లోపలివాళ్లం ఉడికిపోయేవాళ్లం. సుఖం అన్న మాట ఆ బండికి తెలీదు. కానీ ఘాటీలో ఒక్కసారైనా ఆగితే ఒట్టు.

చిక్కల్లా మనుషులతో. మా వైపు అద్దెకి తిరిగే జీపుల్ని ట్రెక్కర్లంటారు. హిందుస్తాన్ మోటార్స్ వాళ్ల ట్రెక్కర్ అనే బండి పేరే అన్నిటికీ పాకిపోయింది. మా జీపు కనపడగానే సంత నుంచి నడిచి వెళ్లేవాళ్లు చేతులెత్తేవారు. ఇది సొంత బండని మొదట్లో నాన్న చెప్పి చూశారు. అమ్మ ఒప్పుకోలేదు. "ఖాళీ బండి పోతా ఉంటే ఎండలో నడిచే ముసలమ్మని ఎలా వదిలేస్తారండీ?" అని ఆపించేది. దిగేటప్పుడు డబ్బులిస్తే తీసుకోం కదా, అందుకని చోళ్లో, పనసకాయో, ఒకసారి కాళ్లు కట్టేసిన కోడో సీటు కింద పెట్టేసి, చేతులు జోడించి "జువార్" అని వెళ్లిపోయేవారు. ఆ కోడి ఘాటీ దిగేదాకా నా షూ లేసు పొడుస్తూనే ఉంది.

శివరాత్రికి గుప్తేశ్వరం వెళ్లేది జీపులోనే. రామగిరి దాటాక అంతా అడవి. గుహలో లింగం. ఇప్పుడు రోడ్డు బాగుపడింది గానీ, అప్పుడు వాగులో నీళ్లు ఎంత లోతున్నాయో మా డ్రైవరు ముందు నడిచి చూసి, పంచె ఎంతవరకు తడిసిందో దాన్ని బట్టి బండి దించాలో వద్దో చెప్పేవాడు.

ఫియట్ మా ఇంటికి రాలేదు. బరంపురంలో ఉండే మా మావయ్య ప్రీమియర్ పద్మినీ కొన్నారు, లేత పచ్చరంగుది. తళతళ తుడిచి ఉంచేవారు. అంబాసిడర్‌తో పోలిస్తే ఎంత నాజూగ్గా ఉండేదో. గంజాం జిల్లాలో సముద్రం పక్కన సాపు రోడ్ల మీద గోపాల్‌పూర్‌కి షికారు వెళ్లడానికి అది సరిపోతుందని నాన్న తేల్చేశారు. మావయ్య ఒకసారి పట్టుబట్టి దాన్ని జయపురం తెచ్చారు, బాగానే ఎక్కింది కూడా. నాన్న మాత్రం తన మాట మార్చుకోలేదు.

మారుతీ 800 సంగతి వేరు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు ఇచ్చిన ఫొటో పేపర్లో చూసి నేను దాచుకున్నాను. అప్పటి ధర 47,500. మేం బుక్ చేసి, వంతు వచ్చి, విశాఖ నుంచి తెచ్చుకునేసరికి 1989 అయింది, ధరా పెరిగింది. ఎర్రది. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తించి చూశారు. 796 సీసీ, మూడు సిలిండర్లు. "ఈ అగ్గిపెట్టె ఘాటీ ఎక్కుతాదా?" అన్నారు.

ఎక్కింది. మిట్టమధ్యాహ్నం, నలుగురితో, నాన్న చట్టానికి విరుద్ధంగా. బరువు తక్కువ, ముందు చక్రాలే లాగుతాయి, ఇంజిను జపాను సుజుకీ వాళ్లది. రెండో గేరులో ఉస్సురనకుండా పోతూనే ఉంది. నాన్న ముందు సీట్లో రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని, ఎక్కడ ఆగుతుందా అని చూస్తూ కూర్చున్నారు. నీటి ఊట వచ్చింది, వెనక్కి పోయింది. ఎవరం ఏమీ అనలేదు. సుంకి గేటు దాటాం, పొట్టంగి దాటాం. ఇల్లు చేరి సామాను దింపుతుంటే అమ్మ పులిహోర డబ్బా పట్టుకుని నిలబడి ఉంది, కట్టింది కట్టినట్టే. విజయనగరంలో కట్టిన పులిహోర జయపురం వంటింట్లో పళ్లేల్లో పెట్టుకు తిన్నాం. రుచిలో తేడా లేదు. నాన్న మాత్రం, "అక్కడ ఆగాల్సింది" అన్నారు.

మా ఆవిడ కారు నేర్చుకుంది దాని మీదే. విజయనగరం పిల్ల. పెళ్లై వచ్చిన కొత్తల్లో ఊరవతల ఎయిర్‌స్ట్రిప్ మైదానం ఖాళీగా పడి ఉండేది, ఆవులు మేసేవి. అక్కడ నేర్పించాను. నేర్పించాను అనడం నా మాట. "మీరు హ్యాండ్ బ్రేకు పట్టుకుని కళ్లు మూసుకున్నారు, నేర్చుకున్నది నేను" అంటుంది ఆవిడ. మొదటిసారి ఆవిడ ఘాటీ దించుతుంటే ఎదురొచ్చే లారీలవాళ్లు కిటికీలోంచి తల బయటపెట్టి చూసేవారు. పద్ధతిగా పక్కకి తప్పుకుని దారిస్తుంటే ఒకాయన హారన్ కొట్టి దండం పెట్టాడు. మా డ్రైవరు అప్పటికే బాగా పెద్దవాడైపోయాడు, ఆ సంగతి చెబితే, "గేరు మార్చకుండా దింపిందా అమ్మ?" అని అదే అడిగాడు.

నంబరు ప్లేటు గురించి ఒక మాట. ఓఆర్-10 అంటే కోరాపుట్ జిల్లా. విశాఖలో ఆ ప్లేటు చూసి "ఒరిస్సా బండి, పక్కకి తియ్" అనేవారు. కాగితాలన్నీ ఉన్నా అదో లాంఛనం. భువనేశ్వర్ వెళితే ప్లేటు సరిపోయేది గానీ, మా ఒడియా యాస విని "మీరు ఆంధ్రావాళ్లా?" అనేవారు. 2012లో ఓఆర్ పోయి ఓడీ వచ్చింది. ఆపడం ఆపలేదు.

ఆ చిన్న కారుతో పొద్దున్న బయల్దేరి విజయనగరంలో పని చూసుకుని రాత్రికి ఇంటికి వచ్చేయడం మొదలైంది. రామభద్రపురం పెద్దమ్మ కబురు పెట్టింది: "మీ ఎర్రకారు మా వీధి చివర్నించి పోతోందట, మా ఇల్లు కనపడలేదేటి?" తర్వాత వెళ్లినప్పుడు ఒక అరగంట కూర్చుని కాఫీ తాగి లేచాం. మంచాలు వాల్చలేదు. పెద్దమ్మ ఏమనుకుందో నాకు తెలుసు, కానీ పిల్లలకి మర్నాడు బడి.

అంబాసిడర్‌ని కోరాపుట్‌లో ఒక టాక్సీ ఆయన కొనుక్కున్నాడు. వాసన గురించి అడిగితే ఉన్న సంగతి చెప్పాం. పెళ్లిళ్లకి అద్దెకిచ్చేవాడు. చాలా ఏళ్లు సంతల దగ్గర కనపడుతూనే ఉండేది. ఉత్తర్‌పారాలో ఆ బండి తయారీ 2014లో ఆగిపోయిందని చదివినప్పుడు నాకంటే మా బావ ఎక్కువ బాధపడ్డాడు. కారణం పైన చెప్పాను.

ఆ తర్వాత వ్యాపారం నా చేతికొచ్చాక ఓమ్నీ వ్యాను. 800లో ఉన్న ఇంజినే, దాన్ని ముందు సీట్ల కింద పెట్టారు. వేసవిలో కూర్చుంటే కిందనుంచి సెగ. పక్కకి జరిగే తలుపులు, వెనక సీటు మడిచేస్తే అల్లం బస్తాలు పట్టేవి. దాని గురించి చెప్పుకోదగ్గ ప్రయాణం ఒక్కటే.

నాన్నకి ఒంట్లో బాగోలేక విశాఖ తీసుకెళ్లాల్సి వచ్చింది. కూర్చోలేరు. వెనక సీటు మడిచి పరుపు వేసి పడుకోబెట్టాం. కింద నుంచి ఆయనకి ఆకాశం తప్ప ఏమీ కనపడదు. నేను నడుపుతున్నాను, మా ఆవిడ ఆయన పక్కన. కోరాపుట్ దాటాక కళ్లు మూసుకున్నారు, నిద్రపోయారనుకున్నాం. చాలాసేపయ్యాక, "సుంకి వచ్చింది, గేరు దించు" అన్నారు. నేను అప్పుడే దించబోతున్నాను. కిందకి దిగుతుంటే ఒక్కో మెలికా ముందుగానే చెప్పుకుంటూ వచ్చారు: ఇక్కడ ఎడమకి, ఇక్కడ పెద్ద బండ, ఇక్కడ లారీలు ఆగుతాయి, హారన్ కొట్టు. ఇంజిను చప్పుడు, ఒంటికి తగిలే ఒరుగు, వీటితోనే. నీళ్ల దగ్గరికి వచ్చాక ఆపమన్నారు. ఆపాం. వేసవి, నీళ్లు సన్నగా వస్తున్నాయి. గ్లాసుతో పట్టి తెస్తే రెండు గుక్కలు తాగి, "పద" అన్నారు. విశాఖ నుంచి ఆయన మళ్లీ ఆ కొండ ఎక్కలేదు.

తర్వాత బొలేరో. ఇది మెచ్చుకోవడానికి మాటలు వెతుక్కోవక్కర్లేని బండి, అందుకే రాయడానికీ పెద్దగా ఏమీ లేదు. అడిగిన పని చేస్తుంది. దాని కాలానికి రోడ్డూ మారింది, నంబరూ మారింది. 43 అని పిలిచే హైవే 26 అయింది. మెలికలు కొన్నిచోట్ల వెడల్పయ్యాయి. నీళ్ల చోటు ఇప్పుడు ఎక్కడో కచ్చితంగా చూపించమంటే నాకూ తడుముకోవాల్సి వస్తుంది.

అయితే ఆ బండి మాకు చేసిన ఒక మేలు రాయకపోతే పాపం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు మా చిన్నమ్మాయి యూనివర్సిటీ హాస్టల్లో ఉంది. మధ్యాహ్నానికి ఫోన్లు పోయాయి. ఆ రాత్రి మా దగ్గరా ఒకటే వాన. మర్నాడు తెల్లారకముందే బయల్దేరాం, మా ఆవిడా నేనూ. వెనక మంచినీళ్ల డబ్బాలు, బియ్యం, కొవ్వొత్తులు, డీజిల్ క్యాను, ఒక గొడ్డలి. హాస్టల్లో పిల్లలున్న మరో రెండిళ్ల వాళ్లు కూడా ఎక్కారు. ఘాటీలో మట్టి జారి రోడ్డు మీద పడింది. లారీలవాళ్లే దిగి పారలతో సగం దారి చేశారు. అన్నేళ్ల తర్వాత మళ్లీ ఆ కొండ మీద అందరూ బళ్లు దిగి ఒకరినొకరు కబుర్లడగడం చూశాను. విజయనగరం నుంచి చెట్లే చెట్లు. ఆనందపురం దాటాక కరెంటు స్తంభాలు వరసగా పడి ఉన్నాయి. క్యాంపస్‌లో నా చదువు నాటి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి, ఏ దారి ఎటు పోతుందో గుర్తుపట్టలేకపోయాను. అమ్మాయి హాస్టలు గేటు దగ్గర బకెట్ పట్టుకుని నీళ్ల లైన్లో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి ఏడుస్తుందనుకున్నాను. "నీళ్లు తెచ్చారా? ఎన్ని డబ్బాలు?" అంది. కోరాపుట్ జిల్లా పిల్లల్ని బండి పట్టినంతమందిని ఎక్కించుకుని తిరుగుముఖం పట్టాం. ఆ రాత్రి దారిలో ఆగక తప్పలేదు. పెద్దమ్మ లేదు గానీ, ఆవిడ కోడలు అంతమందికీ అన్నం వండింది.

ఇప్పుడు మేం కుర్రకారుకి బరువయ్యాం, అంటే బండిలో కూర్చుని పోయేవాళ్లం. ఎయిర్‌స్ట్రిప్‌లో ఆవుల్ని తోలేసి 2022లో విశాఖకి చిన్న విమానం మొదలుపెట్టారు. ఘాటీ అన్నదే లేకుండా గంటలోపు. ఒకసారి ఎక్కాను. కిందకి చూస్తే అన్నీ ఆకుపచ్చ ముద్దలే, మా రోడ్డు ఏదో తేల్చుకునేలోపు సముద్రం వచ్చేసింది. మళ్లీ ఎక్కాలనిపించలేదు.

పెద్దల్లుడు విశాఖలో ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. పండక్కి జయపురం వచ్చి మమ్మల్ని ఎక్కించుకుని దిగాడు. సుంకి దగ్గర కొండ దిగుతుంటే, "చూడండి మావయ్యా" అని తెర చూపించాడు. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే చాలు, చక్రాలే మోటారుని తిప్పి బ్యాటరీలోకి కరెంటు పంపుతున్నాయి. కొండ దిగేసరికి ఛార్జింగు రెండు శాతం పెరిగింది. గేరు మార్చక్కర్లేదు, బ్రేకు వేడెక్కదు. మా డ్రైవరు ఉంటే ఏమనేవాడోనని మా ఆవిడా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం.

కానీ పైకి ఎక్కేటప్పుడు దాని అసలు రంగు బయటపడింది. కొండ ఎక్కుతుంటే ఛార్జింగు గబగబా తరిగిపోతుందని, ముందే నింపుకోవాలని, తిరుగు ప్రయాణంలో అల్లుడు ఒక హోటలు దగ్గర ఆపాడు. ముప్పావుగంట పడుతుందన్నాడు. సారీ చెబుతున్నాడు పాపం. మా ఆవిడ అప్పటికే దిగి చెట్టుకింద బెంచీ తుడుస్తోంది. పక్క ఛార్జరు దగ్గర రాయపూర్ వెళ్లే తెలుగు కుటుంబం ఒకటి నిలబడి ఉంది. వాళ్లది పార్వతీపురమట. పార్వతీపురంలో ఎక్కడ అని మొదలుపెట్టి, వాళ్ల తాతగారికీ మా నాన్నకీ చింతపండు లెక్కలున్నాయని తేలేసరికి మనవరాలు వచ్చి చేయి లాగింది: "తాతా, నైంటీ పర్సెంట్ అయిపోయింది, నాన్న రమ్మంటున్నాడు."

"వంద అయ్యేదాకా ఉండమను" అన్నాను. "ఇంకా టీ రాలేదు."